వాల్టర్ కారు తాళాలు

6 ఆగస్టు 1983, శనివారం. ఎడిసన్.

జయంతికి అబద్ధం చెప్పాను. బాపట్ల హైస్కూల్లో ముప్ఫయ్యేళ్ళు లెక్కలు చెప్పినవాణ్ణి, అరవై ఆరేళ్ళ వయసులో కన్నకూతురికి అబద్ధం చెప్పాను.

పక్కింటి వాల్టర్‌తో బేస్‌బాల్ స్టేడియంలు చూడ్డానికి వెళ్తున్నానన్నది నిజమే. కారు వాల్టర్ మేనల్లుడు డ్రైవ్ చేస్తాడన్నదే అబద్ధం. అసలు మేనల్లుడే లేడు. డ్రైవ్ చేసేది వాల్టరే. ఆయనకి డెబ్బై రెండు.

నిజం చెప్తే వెళ్ళనివ్వదు. అమెరికా వచ్చి నాలుగు నెలలుగా ఈ ఇంట్లోనే ఉన్నాను. జయంతి, అల్లుడు రవికుమార్ ఏడింటికే ఆఫీసులకి వెళ్ళిపోతారు. నా భార్య రూతుకి మనవరాలి స్నానం, పాలు, నిద్ర. నాకు కిటికీ. ఈ దేశంలో నన్ను కూర్చోబెట్టి మాట్లాడింది వాల్టర్ ఒక్కడే. తన దగ్గరున్న పాత టికెట్ ముక్కలు, స్కోర్‌కార్డులు అన్నీ టేబుల్ మీద పరిచి చూపించాడు. నన్ను ప్రొఫెసర్ అంటాడు. స్కూల్ మాస్టర్నని రెండుసార్లు చెప్పి ఊరుకున్నాను.

రూతు నా చొక్కాలు సర్దుతూ, "నాకేమీ చెప్పకండి. అమ్మాయి అడిగితే నేను అబద్ధమాడలేను" అంది. తెలిసిపోయిందన్నమాట.

8 ఆగస్టు, సోమవారం. ఫిలడెల్ఫియా.

ఇవాళ ఇక్కడ ఆట లేదు. వాల్టర్‌కి తెలిసిన వాచ్‌మన్ స్టేడియం గేటు తీసి లోపలికి పంపాడు. అరవై వేలమంది పట్టే చోట ఇద్దరం ముసలివాళ్ళం. కింద ఉన్నది గడ్డి కాదు, ఆకుపచ్చ తివాచీ. గడ్డి లేని చోట ఆటేమిటని వాల్టర్ విసుక్కున్నాడు.

ఒక్క విషయం రాసి పెట్టుకోవాలి. ఊళ్ళోకి రాగానే సిగ్నల్ దగ్గర ఆగాం. గ్రీన్ పడింది. కారు కదల్లేదు. వెనకాల హారన్లు. వాల్టర్ కళ్ళు తెరిచే ఉన్నాయి, ఎదురుగా చూస్తున్నాడు. భుజం తట్టాను. ఏదో ఆలోచనలో పడ్డానన్నాడు.

అందరం ఆలోచనలో పడతాం. నేనూ పడతాను.

9 ఆగస్టు, మంగళవారం. బాల్టిమోర్.

ఇవాళ మ్యాచ్ చూశాను! ఇంత సంతోషంగా ఉండి ఎన్నాళ్ళయిందో. స్కోర్‌కార్డు రాయడం వాల్టర్ నేర్పించాడు. ఫీల్డులో ప్రతివాడికీ ఒక నంబరు. ఆరో నంబరు బంతి పట్టి నాలుగుకి, నాలుగు మూడుకి విసిరితే 6-4-3 అని రాస్తే చాలు, ఇద్దరు అవుట్. పేర్లు అక్కర్లేదు. మూడో ఇన్నింగ్స్‌కల్లా నా గళ్ళు ఆయన గళ్ళకంటే నీట్‌గా ఉన్నాయి. ఆయనే ఒప్పుకున్నాడు.

ఏడో ఇన్నింగ్స్‌లో ఆయన గళ్ళు నాలుగు ఖాళీగా ఉండటం చూశాను. ఎందుకు రాయలేదని అడిగితే, ఇంకా ఆడలేదు కదా అన్నాడు. ఆడారు. నా కార్డులో ఉంది.

మోటెల్ నుంచి జయంతికి ఫోన్ చేశాను. మేనల్లుడు జాగ్రత్తగా నడుపుతున్నాడా అని అడిగింది. నడుపుతున్నాడన్నాను. ఇది రెండో అబద్ధం.

10 ఆగస్టు, బుధవారం. ఉదయం 11.

లారీ. తర్వాత రాస్తాను.

అదే రోజు, సాయంత్రం. బింగ్‌హామ్టన్.

ఇప్పుడు రాస్తాను. హారిస్‌బర్గ్ దాటాక హైవే మీద మా కారు మెల్లగా ఎడమకి జరగడం మొదలెట్టింది. పక్క లేన్‌లో పెద్ద లారీ. "మిస్టర్ వాల్టర్!" అని అరిచాను. జవాబు లేదు. స్టీరింగ్ పట్టుకుని నావైపు లాగాను. లారీ హారన్ చెవి పక్కనే మోగింది. కారు రోడ్డు అంచు కంకర మీదికి దిగి దడదడలాడింది. అప్పటికి వాల్టర్‌కి తెలివొచ్చి బ్రేక్ వేశాడు. నిద్రపట్టేసిందన్నాడు. కాఫీ తాగుదామన్నాడు. నా చొక్కా ఒంటికి అంటుకుపోయింది. ఆయన కళ్ళు మూసుకోలేదు. నేను చూశాను.

ఎలాగో ఇక్కడికి చేరాం. ఆయన స్నేహితుడు స్టాన్ ఇల్లు. కింద బేస్‌మెంట్ నిండా బేస్‌బాల్ సామానే. బ్యాట్లు, గ్లవ్‌లు, మాసిపోయిన టోపీలు, పడగొట్టేసిన ఏదో స్టేడియం నుంచి తెచ్చిన రెండు చెక్క కుర్చీలు. వాళ్ళిద్దరూ ఆ కుర్చీల్లో కూర్చుని చిన్నపిల్లల్లా నవ్వుకుంటున్నారు. నేను మంచినీళ్ళకని పైకి వెళ్ళాను.

వంటింట్లో స్టాన్ భార్య అడిగింది, మొత్తం దూరం మీరొక్కరే డ్రైవ్ చేశారా, అలసిపోయుంటారు అని. నాకు డ్రైవింగ్ రాదన్నాను. ఆమె చేతిలో గిన్నె కింద పెట్టేసింది. వాల్టర్‌కి మార్చిలో ఫిట్స్ వచ్చాయట. మాత్రలిచ్చి, ఇంక స్టీరింగ్ ముట్టుకోవద్దని డాక్టర్ చెప్పాడట. కాలిఫోర్నియాలో ఉన్న ఆయన కూతురు వీళ్ళకి ఫోన్ చేసి చెప్పిందట. ఈసారి ఇండియన్ ఫ్రెండ్ డ్రైవ్ చేస్తాడని వాల్టర్ కూతురితో చెప్పి బయల్దేరాడట.

ఆయన అబద్ధంలో మేనల్లుణ్ణి నేనయ్యాను.

ఆయన్ని ఏ నోటితో అడగను?

11 ఆగస్టు, గురువారం. ఉదయం 5.40.

స్టాన్ వాళ్ళ హాల్లో కొక్కేనికి వేలాడుతుంటే కారు తాళాలు తీసి జేబులో వేసుకున్నాను. ముప్ఫయ్యేళ్ళ సర్వీసులో పిల్లల పెన్ను కూడా ముట్టుకోలేదు. ప్రార్థన చేద్దామంటే మాటలు రావటంలేదు.

ఆయన లేచిన చప్పుడు.

అదే రోజు, సాయంత్రం. కూపర్స్‌టౌన్.

ఆయన చెయ్యి చాపి, "తాళాలు ఇవ్వు ప్రొఫెసర్" అన్నాడు.

"ఇవ్వను."

"అది నా కారు."

"అవును, మీదే."

"డ్రైవింగ్ రానివాడివి, నీకేం తెలుసు?"

"నాకు రాదు, నిజమే. నిన్న స్టీరింగ్ తిప్పింది మాత్రం నేనే."

ఆయన మొహం ఎర్రబడింది. మా వీధిలో వాళ్ళంతా చెప్పారట, ఇండియావాళ్ళతో పెట్టుకోవద్దని. తనే వినలేదట. స్టాన్ వచ్చి ఆయన భుజం మీద చెయ్యి వేశాడు. నేను అలాగే నిలబడ్డాను. ఇంతదూరం వచ్చి కూపర్స్‌టౌన్ బేస్‌బాల్ మ్యూజియం చూడకుండా వెనక్కి వెళ్ళొద్దు, బస్సులో వెళ్దాం రమ్మన్నాను. రానన్నాడు. గంటసేపు బాత్రూంలో తలుపేసుకుని కూర్చున్నాడు. తర్వాత బ్యాగ్ తీసుకుని బయటికొచ్చాడు. తాళాలు స్టాన్‌కి ఇచ్చేశాను. కారు తన కొడుకు చేత పంపిస్తానన్నాడు.

బస్సులో బ్యాగ్ ఒళ్ళో పెట్టుకుని నా పక్కనే కూర్చున్నాడు. గంట గడిచింది. ఒకచోట ఆయన చెయ్యి చొక్కా గుండీని నులమడం మొదలెట్టింది. పెదవులు ఏదో చప్పరిస్తున్నట్టు కదిలాయి. పిలిచాను. పలకలేదు. ఏం చెయ్యాలో తెలియక గడియారం చూశాను. ముప్ఫై సెకన్లు. అంత పొడుగు ముప్ఫై సెకన్లు నేనెప్పుడూ చూళ్ళేదు. తర్వాత కళ్ళల్లోకి మనిషి తిరిగొచ్చాడు. ఏ ఊరొచ్చిందని అడిగాడు.

చెప్పాను. జరిగిందీ చెప్పాను.

"ఎంతసేపు?" అన్నాడు.

"ముప్ఫై సెకన్లు."

టికెట్ వెనకాల లెక్క వేసిచ్చాను. యాభై అయిదు మైళ్ళ స్పీడు, ముప్ఫై సెకన్లు, రెండువేల నాలుగొందల ఇరవై అడుగులు. అంతదూరం కారుని ఎవరూ నడపనట్టే. ఆయన చాలాసేపు ఆ కాగితం పట్టుకుని చూశాడు. బంతిని నాలుగొందల అడుగులు కొడితే మంచి హోమ్‌రన్ అన్నాడు. "ఆరు హోమ్‌రన్ల దూరం" అన్నాడు.

కిటికీ వైపు తిరిగాడు. భుజాలు కదుల్తున్నాయి. నేను రోడ్డు వైపు చూస్తూ కూర్చున్నాను.

12 ఆగస్టు, శుక్రవారం.

మ్యూజియం. అద్దాల వెనక రొట్టెల్లా చదునైపోయిన పాత గ్లవ్‌లు. వాల్టర్ ఒక్కొక్క దాని ముందూ ఆగుతున్నాడు. నేను గ్లవ్‌లు సరిగా చూళ్ళేదు, ఆయన్నే చూశాను. ఆయన కదలకుండా నిలబడ్డ ప్రతిసారీ గడియారం చూసుకున్నాను. మ్యూజియంలో అందరూ కదలకుండానే నిలబడతారు.

సాయంత్రం ఫోన్ బూత్ నుంచి జయంతికి, డబ్బు తనే కట్టేలా, కలెక్ట్ కాల్ చేశాను.

"నాన్నా, ఆ మేనల్లుడు ఉన్నాడా, లేడా?" రూతు మొహం చూసి కనిపెట్టేసిందట.

"లేడమ్మా."

"మీకేమన్నా అయితే అమ్మకి నేనేం చెప్పాలి?"

అమ్మకి తెలుసు అనబోయి మింగేశాను. లారీ సంగతి కూడా చెప్పేశాను. ఏడ్చింది. రేపు రవికుమార్ వచ్చి ఇద్దర్నీ తీసుకెళ్తాడట.

14 ఆగస్టు, ఆదివారం. ఎడిసన్.

తెలుగువాళ్ళ ప్రార్థన కూటంలో, ప్రయాణం చేసి క్షేమంగా వచ్చారు, సాక్ష్యం చెప్పండి అన్నారు. లేచి నిలబడ్డాను. జయంతి తలెత్తి చూసింది. కూర్చున్నాను.

19 ఆగస్టు.

స్టాన్ కొడుకు కారు తెచ్చి వాకిట్లో పెట్టాడు. తాళాలు వాల్టర్ చేతికే ఇచ్చాడు. కిటికీలోంచి చూశాను. మేం వచ్చినప్పట్నించీ వాల్టర్ నాతో మాట్లాడలేదు.

23 ఆగస్టు, మంగళవారం. ఉదయం 9.

కారు లేదు.

9.30.

చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తాను. తలుపు కొట్టాను. ఇంటి వెనక్కి వెళ్ళాను. వాల్టర్ పెరట్లో టమాటాలకి నీళ్ళు పడుతున్నాడు. నా కాళ్ళకేసి చూశాడు. పొద్దున్నే గరాజ్‌వాడు వచ్చి కారు కొనుక్కుని తీసుకెళ్ళాడన్నాడు. అక్కడే గడ్డి మీద కూలబడ్డాను. ఆయన పైపు కట్టేసి లోపలికెళ్ళి గ్లాసుతో నీళ్ళు తెచ్చాడు. తాగేదాకా నిలబడ్డాడు. స్టాన్ ఇంట్లో తనన్న మాట తప్పన్నాడు. నేను తలూపాను.

30 ఆగస్టు.

వాల్టర్ వచ్చి, జుట్టు కత్తిరించుకోవాలి, వస్తావా అన్నాడు. ఎంత దూరమన్నాను. మైలున్నర. నడుచుకుంటూ వెళ్ళాం. పేవ్‌మెంట్ అయిపోయిన చోట కార్లు రయ్యిన పోతున్నాయి. అక్కడ ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు. నేనే పట్టుకున్నానేమో.