డైరెక్టర్ గొంతులో దయానంద్

2024 ఫిబ్రవరి 11

దయానంద్‌కు మాట పోయింది.

ఫిబ్రవరి 12

నిన్న అంతకు మించి రాయలేకపోయాను. గురువారం కోర్టులో డిక్టేషన్ తీసుకుంటూ పెన్ను జారవిడిచాడట. తీసుకుందామని వంగి అలాగే పక్కకు ఒరిగిపోయాడట. అంబులెన్సులో తిరుపతికి తీసుకుపోయారు. బ్రెయిన్ స్ట్రోక్. వయసు యాభై రెండు. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి.

మంచం పక్కన నిలబడితే నన్ను గుర్తుపట్టాడు. నోరు తెరిచాడు. త, త అని ఆగిపోయాడు. మనం అనేదంతా అతనికి అర్థమవుతుందట. తను చెప్పడానికే మాట రాదట.

ఇంటికొచ్చి నా భార్య సల్మాకు అతనిలాగే త, త అని చూపించాను.

ఫిబ్రవరి 20

షాపులో కూర్చున్నాను. కోర్టు ఎదురుగా నా జిరాక్స్ షాపు. లంచ్ టైంలో రోజూ అతను కూర్చునే స్టూలు ఖాళీగా ఉంది.

ఇరవై ఏళ్ల కింద ఇదే చిత్తూరులో నాకు డీవీడీ లైబ్రరీ ఉండేది. అందరూ సినిమా తీసుకెళ్లి మర్నాడు తెచ్చిచ్చేవాళ్లు. కోర్టు స్టెనో దయానంద్ మాత్రం మూడు రోజులు పెట్టుకున్నాడు. ఎందుకయ్యా అంటే, సినిమా ఒక తూరే సూసినానప్పా, మిగతా రెండు తూర్లూ వాళ్లు మాట్లాడుకునేది విన్నాను అన్నాడు. ఎవరు మాట్లాడుకునేది? ఆడియోలో రెండో ట్రాక్ పెట్టు, నీకే తెలస్తాది అన్నాడు.

పెట్టాను. సినిమా నడుస్తూనే ఉంది. దాని మీద డైరెక్టర్, కెమెరామన్ కూర్చుని కబుర్లు చెప్పుకుంటున్నారు. ఈ వాన మేం కురిపించింది కాదు, దానంతట అదే వచ్చింది అంటున్నారు. ఆ గోడ వెనక ఇల్లు లేదు, ఉత్త అట్ట అంటున్నారు. ఇన్నేళ్లు సినిమాలు అద్దెకిచ్చినవాణ్ని, నాకు తెలియనే తెలియదు.

ఆ తర్వాత పదేళ్ల ఆదివారాలు అలాగే గడిచాయి. కామెంటరీ లేని డిస్క్ కొనేవాళ్లం కాదు. ఒకదాంట్లో హీరోయిన్ మధ్యలో వచ్చి చిప్స్ నములుతూ డైరెక్టర్‌ని తిడుతుంది. ఇంకోదాంట్లో, చనిపోయిన తన తమ్ముడు తెర మీదికి రాగానే డైరెక్టర్ నాలుగు నిమిషాలు ఏమీ మాట్లాడడు. దయానంద్ ఆ నాలుగు నిమిషాలూ లేచి నిలబడేవాడు.

అన్నిటికంటే ఇష్టమైంది రైల్వే గేటు కాపరి సినిమా. ముసలి డైరెక్టర్, ముసలి కెమెరామన్ మొదటి నుంచి చివరిదాకా పోట్లాడుకుంటారు. మాకిద్దరికీ అది కంఠతా. దయానంద్ డైరెక్టర్, నేను కెమెరామన్. వీ హ్యాడ్ వన్ అవర్ ఆఫ్ లైట్ అంటాడు అతను. మాకు గంట వెలుగే మిగిలింది అని. నో సర్, ఫార్టీ మినిట్స్ అంటాను నేను. ఇక నవ్వే నవ్వు.

ఫిబ్రవరి 28

ఇంటికి తెచ్చారు, గిరింపేటకు. తిరుపతిలో స్పీచ్ థెరపిస్టు ఉదయలక్ష్మి గారు ఒక అట్ట మీద పది మాటలు రాసిచ్చారు. పేరు, ఊరు, నీళ్లు, నొప్పి, చాలు, ఇలాంటివి. మొదటి ఆరు నెలలే ముఖ్యమట. రోజూ రెండు గంటలు ఓపిగ్గా పలికించాలట.

అతని భార్య మోహన స్కూల్ టీచరు. సాయంత్రం ఆరుకు గానీ ఇల్లు చేరదు. పగలు మోహన వాళ్లమ్మ ఉంటుంది కానీ ఆమెకు చదువు రాదు. మోహన ఆ అట్ట నా చేతికిచ్చింది. నాలుగు నుంచి ఆరు దాకా మీరు పలికించండన్నా, మీ మాటయితే వింటాడు అంది. సరేనన్నాను.

మార్చి 4



నాలుగు రోజులుగా నీళ్లు, నీళ్లు అని చెప్పించబోతే చెమటలు పట్టి, కళ్లు ఎర్రబడి, ఒక్క అక్షరం రాలేదు. ఇవాళ అటక మీది డీవీడీ ప్లేయర్ దించి తీసుకెళ్లాను. రిమోట్ లేకపోతే ఆడియో మారదు. సంతపేటలో రిపేర్లు చేసే చిన్నబ్బ పాత సామాన్ల బుట్టలో వెతికి సరిపోయేది ఇచ్చాడు. రైల్వే గేటు డిస్క్ పెట్టాను.

పదకొండో నిమిషంలో దయానంద్ మాట్లాడాడు.

వీ హ్యాడ్ వన్ అవర్ ఆఫ్ లైట్. మొత్తం వాక్యం. తడబాటు లేదు. ఆ ముసలి డైరెక్టర్ యాస, ఆ విరుపు, అన్నీ ఉన్నాయి. నేను ఫార్టీ మినిట్స్ అన్నాను. ఇద్దరం ఏడ్చాం. అప్పుడే వచ్చిన మోహన చేతిసంచి కింద పడేసి, గుమ్మంలోనే కూర్చుండిపోయింది.

మార్చి 9

ఉదయలక్ష్మి గారికి ఫోన్ చేసి చెప్పాను. ఆమె నాలా సంతోషపడలేదు. అది మాట కాదు సార్ అన్నారు. కంఠతా వచ్చిన పద్యం, ఎక్కాలు, ప్రార్థన, ఇవి మెదడులో వేరేచోట ఉంటాయట. మాట పోయినా అవి పోవట. వినిపించండి, కానీ కొంచెమే, అట్ట మీది మాటలే ముఖ్యం అన్నారు.

సరే మేడం అన్నాను.

మార్చి 15

రంజాన్ ఉపవాసాలు, రోజాలు, మొదలయ్యాయి. మూడున్నరకే షాపు కట్టేసి వెళ్తున్నాను, ఇఫ్తార్‌కు ఇల్లు చేరుతున్నాను. అట్టతో పది నిమిషాలు, కామెంటరీతో గంటన్నర. ఇవాళ గేటు కాపరి సైకిల్ సీను మొత్తం అప్పజెప్పాడు. నాకు నా దయానంద్ దొరికాడు.

మార్చి 19

అట్ట తియ్యలేదు. మోహన అడిగితే పలికించానని చెప్పాను.

మార్చి 23

ఒంటిపూట బడులట. మోహన మధ్యాహ్నం నుంచీ ఇంట్లోనే ఉంది. నాకు తెలియదు. నాలుగింటికి వెళ్లి మామూలుగా డిస్క్ పెట్టాను. గంటసేపు వెనక నిలబడి చూసిందట.

అన్నా, అట్ట యాడుండాది అని అడిగింది. వెతికాను. డిస్క్ కవర్ల కింద దొరికింది.

ఆమె గట్టిగా అరవలేదు. ఈయనకు దాహమయితే గ్లాసు కింద పడేస్తా ఉండాడన్నా, నోరు తెరిస్తే ఇంగ్లీషు వస్తా ఉండాది, మా యమ్మకు అది తిట్టో ఏడుపో తెలీడంల్యా అంది. రేపటి నుంచి అట్టే పలికిస్తానని ఒట్టు వేశాను.

రోజా ఉన్న నోటితో.

ఏప్రిల్ 11

పండగ. సేమియా తీసుకెళ్లాను. దయానంద్ నాకు ఏదో చెప్పబోయాడు. ముబారక్ అనే అనుకుంటాను, ప్రతి ఏడూ అంటాడు. ముఖమంతా బిగబట్టి, గాలి పీల్చుకుని, లుక్ ఎట్ ద షాడో అన్నాడు. నీడను చూడు. సినిమాలో నలభయ్యో నిమిషం.

తను చెప్పాలనుకున్నది అది కాదని అతనికి తెలుసు. ఎడమ చేత్తో తన నోటి మీద తనే కొట్టుకున్నాడు. ఒకటి, రెండు. నేను చెయ్యి పట్టుకున్నాను.

ఏప్రిల్ 30

సెలవులు కదా, మోహనే పొద్దుటి నుంచి పలికిస్తోంది. ఏ మాట మొదలుపెట్టినా కామెంటరీ అడ్డం వస్తోందట. నేనే తోవ వేసి అరగదొక్కి పెట్టాను.

సల్మాకు అంతా చెప్పాను. ఉర్దూలో అడిగింది, మీకు ఆయన బాగవ్వాలని ఉండిందా, మీతో కూర్చుని సినిమా చూసే మనిషి కావాలని ఉండిందా అని. అన్నం సగంలో లేచాను.

జూన్ 19, సాయంత్రం ఐదు, తిరుపతి బస్టాండు

మెడికల్ బోర్డు. ఉద్యోగానికి పనికొస్తాడా లేదా అని తేల్చడానికి పిలిచారు. పేరు, ఊరు చెప్పి, అడిగినదానికి అవునో కాదో అనగలిగితే చాలు, రికార్డు రూములో కూర్చోబెడతామని కోర్టువాళ్లు మోహనకు మాటిచ్చారు. వారం రోజులుగా ఆమె దయానంద్ అనే ఒక్క మాటే నూరిపోసింది. నిన్న రెండుసార్లు దయా దాకా వచ్చాడట.

అతను తెల్ల చొక్కా వేసుకున్నాడు. జేబులో పెన్ను కావాలని సైగ చేసి పెట్టించుకున్నాడు.

డాక్టరు మర్యాదగానే అడిగాడు. మీ పేరు చెప్పండి సార్.

దయానంద్ నిటారుగా కూర్చున్నాడు. ద అన్నాడు. మోహన నా మోచెయ్యి పట్టుకుంది. మళ్లీ ద అన్నాడు. ఆ తర్వాత ఆ ముసలి డైరెక్టర్ గొంతుతో, చక్కటి ఇంగ్లీషులో, వీ హ్యాడ్ వన్ అవర్ ఆఫ్ లైట్ అన్నాడు.

మూలన కూర్చున్న కుర్ర డాక్టరు నవ్వొచ్చి తల దించుకున్నాడు. పెద్దాయన ఇంకో మూడు ప్రశ్నలు అడిగాడు. మొదటి రెండిటికీ గేటు కాపరి సినిమాయే జవాబు. మూడోదానికి దయానంద్ ఎడమ చేత్తో నోరు మూసుకుని తల అడ్డంగా ఊపాడు. కళ్లల్లోంచి నీళ్లు వేళ్ల మీదికి కారాయి.

అన్‌ఫిట్ అని రాశారు.

వాళ్లిద్దరూ కారులో వెళ్లిపోయారు. చోటుంది. నన్ను రమ్మనలేదు.

జూన్ 20

షాపు తెరవలేదు.

జూన్ 29

వెళ్లాను. అప్పటి నుంచీ నోరు తెరవడం లేదట. ద లేదు, ఇంగ్లీషు లేదు. అన్నానికి కూడా మోహన బతిమాలితేనే తెరుస్తున్నాడు. నన్ను చూసి గోడ వైపు తిరిగాడు.

మోహన గుమ్మం దాకా వచ్చింది. ఆర్నెల్లే టైమని చెప్పినారన్నా, దాంట్లో నెల రోజులు మీ చేతికిస్తిని అంది. తిట్టి ఉంటే బాగుండేది.

డీవీడీ ప్లేయర్ సంచిలో పెట్టి ఇచ్చింది.

జూలై 14

రెండు వందల పన్నెండు డిస్కులు పాత ఇనుము వాడికి ఇచ్చేశాను. రైల్వే గేటు సినిమా కూడా. సల్మా వద్దంది.

ఆగస్టు 18

ఖాళీ చేతులతో వెళ్లాను. దయానంద్ కిటికీ దగ్గర కుర్చీలో ఉన్నాడు. ఈసారి తల తిప్పుకోలేదు. చాలాసేపు నన్నే చూశాడు. పెదాలు కదిలాయి.

పో, అన్నాడు.

ఫిబ్రవరి తర్వాత అతని సొంత గొంతులో ఒక మాట వినడం ఇదే.

మోహన వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. ఏమన్నారు, ఇంకొక్క తూరి చెప్పండి అని ఏడుస్తూ అతని ముఖం పట్టుకుంది. ఆమె భుజం మీదుగా నన్ను చూస్తూ మళ్లీ అన్నాడు. పో.

ఆమె నవ్వుతోంది. అమ్మను కేకేసి పిలుస్తోంది.

వచ్చేశాను.