మడుగులో దిగిన ఆఫ్రికా కొంగలు

రాజవ్వా,

నువ్వు పోయి ఇవాల్టికి ఏడాది. ఇక్కడ ఒమాన్‌లో, సలాలా ఊళ్లో ఈ రోజు జరిగింది నీకు చెప్పాలనిపించింది.

రోడ్డు కోసం సముద్రం పక్కన మడుగును మట్టితో పూడుస్తున్నాం. పొద్దున లారీలో వెళ్లేసరికి మడుగు నిండా పొడుగు కాళ్ల గులాబీ కొంగలు. మా డ్రైవర్ సలీం ఆఫ్రికాలో పుట్టి పెరిగిన ఒమానీ. బండి ఆపి దిగాడు.

"ఇవి మా దిక్కు పక్షులు," అన్నాడు వచ్చీరాని హిందీలో. అక్కడ చెరువులకు చెరువులే వీటితో ఎర్రబడతాయట. ఆ చుట్టుపక్కలే జిరాఫీలు, చారల గుర్రాలు, ఏనుగులు మందలుగా తిరుగుతాయట.

అంతలో మన జగిత్యాల ఫోర్‌మన్ వచ్చాడు.

"క్యా సలీం, మట్టి పొయ్యవా? నౌకరీ వద్దా?"

"పక్షుల మీద పొయ్యను. కావాలంటే నన్ను పంపించెయ్."

ఫోర్‌మన్ చాలాసేపు మడుగు వైపే చూశాడు. చివరికి మాతో, "అవి ఎగిరిపొయ్యేదాక మట్టి అవతల పొయ్యిండ్రి," అన్నాడు.

మధ్యాహ్నం రొట్టె తింటూ, "ఇంటికి రాస్తావా ఈ సంగతి?" అని సలీం అడిగాడు. రూమ్‌లో ఎవరికీ చెప్పని నీ సంగతి అతనికి చెప్పాను. పిట్టల కోసం చేలో చివరి సాలు జొన్న కొయ్యకుండా వదిలేదానివని చెప్పాను.

సలీం రొట్టె పక్కన పెట్టి నీ పేరు అడిగాడు. సరిగ్గా వచ్చేదాకా మెల్లగా పలికాడు.