నూట ఇరవైకి అరవై

జూన్ 2, సోమవారం

ఉదయం 11.40. నేను పనిచేసే కళ్ళజోళ్ళ షాపులో ఎవరూ లేరు. ఇప్పుడే రాసేయాలి!

పాత చదువు ఎక్కడికీ పోదట! కొత్త అద్దాల కోసం వచ్చిన ఒక కాలేజీ లెక్చరరమ్మ చెప్పింది. ఎప్పుడో చదివి వదిలేసిన కోర్సుల క్రెడిట్లను యూనివర్సిటీ ఇప్పుడైనా లెక్కలోకి తీసుకుంటుందట. డిగ్రీకి కావలసినవి 120. పంతొమ్మిదేళ్ళ కిందట, పెళ్ళి హడావిడిలో చదువు మానేసేనాటికి నా ఖాతాలో ఉన్నవి 84. అంటే ఇంకా 36. ముప్ఫయ్యారే!

తీర్మానం: ఏడాదిలో డిగ్రీ. చదివినదాన్ని ఛస్తే మళ్ళీ చదవను.

ఇంట్లో మాత్రం గప్‌చుప్. మా అత్తయ్య దృష్టిలో నేను ఏనాడో డిగ్రీ పూర్తిచేసినదాన్ని. మా అపార్ట్‌మెంట్లో ఆ సంగతి తెలియనివాళ్ళు లేరు. అసలు సంగతి తెలిసింది మా ఆయనకొక్కడికే. లిఫ్టులు బాగుచేసే మనిషి. ఆ రహస్యాన్ని ఇన్నేళ్ళూ రెండంతస్తుల మధ్య ఆపి ఉంచాడు.

జూన్ 5, గురువారం

సెలవు పెట్టి యూనివర్సిటీ ఆఫీసుకు వెళ్ళాను. పట్టుకెళ్ళినవి: మార్కుల కాగితాలు, ఫోటోలు, చిరునవ్వు. అక్కడ కిటికీ దగ్గర కూర్చునే ఆవిడకు నేను పెట్టిన పేరు క్రెడిట్ల మేడమ్.

"ఏ కోర్సులో ఏం చెప్పారో ఆ వివరాలు కూడా కావాలమ్మా."

"ఏం చెప్పారో నాకు అప్పుడే అర్థం కాలేదు మేడమ్!"

పకపకా నవ్వింది. పాత కాలేజీకి ఆవిడే రాసి తెప్పిస్తానంది. పని అయిపోయినట్టే!

జూన్ 16, సోమవారం

రాత్రి 9.30. కొంప మునిగింది.

యూనివర్సిటీ నుంచి ఉత్తరం వచ్చింది. నేను షాపులో ఉండగా వచ్చింది. అత్తయ్య విప్పి చదివేశారు. గుమ్మంలోనే ఎదురొచ్చారు.

"నూట ఇరవైకి అరవయ్యా? ఇంత తక్కువ మార్కులేంటే? అయినా ఇన్నేళ్ళకి పంపడమేంటి వాళ్ళు?"

"అవి మార్కులు కావత్తయ్యా."

ఇక దాచి లాభం లేదు. మొత్తం చెప్పేశాను. మా ఆయన పనిముట్ల సంచీ సర్దుకుంటున్నట్టు నటించాడు. అత్తయ్య ఉత్తరం మడిచి కుర్చీలో కూర్చున్నారు.

"పెళ్ళిచూపుల్లో మీ నాన్న డిగ్రీ అన్నాడు కదే."

"డిగ్రీలో ఉంది అన్నారత్తయ్యా."

"మరి ఆ 'లో' నాకెందుకు వినబడలేదు?"

"అక్కడికొచ్చేసరికి నాన్న దగ్గారు."

మా ఆయన సంచీ వెనక నుంచి కిసుక్కుమన్నాడు. అత్తయ్య నవ్వలేదు. అన్నం తిని, చెయ్యి కడుక్కుని అప్పుడన్నారు: "ఊరందరికీ చెప్పాను. ఇప్పుడు నన్ను అబద్ధాలకోరుని చెయ్యకు. పూర్తి చెయ్."

జూన్ 17, మంగళవారం

క్రెడిట్ల మేడమ్ దగ్గరికి పరుగు. నా 84 అరవై ఎలా అయ్యాయి?

పెన్సిలుతో గీసి మరీ చెప్పింది. కంప్యూటరు కోర్సులు మరీ పాతబడ్డాయి, 12 పోయాయి. స్టాటిస్టిక్స్ అప్పట్లో తప్పాను, అయినా నేను కలిపేసుకున్న దాని 3 కూడా పోయాయి. మిగతా 69నీ తీసుకున్నారు.

"తీసుకున్నారు కదా! మరి అరవై ఏంటి?"

"తీసుకోవడం వేరు, లెక్కకి రావడం వేరమ్మా. డిగ్రీలో ఇష్టమొచ్చిన సబ్జెక్టులకి ఉన్న చోటు పన్నెండు క్రెడిట్లకే. నువ్వు ఇరవై ఒకటి చదివావు. తొమ్మిదింటికి చోటు లేదు."

రాళ్ళ గురించి చదివాను, నాటకాల గురించి చదివాను, పురుగుల గురించి కూడా చదివాను. ఎందుకు చదివానో! ఆ పురుగులు ఇప్పుడు నా కాగితం మీద ఊరికే కూర్చున్నాయి.

పైగా అసలు సబ్జెక్టు అర్థశాస్త్రం. స్టాటిస్టిక్స్ గట్టెక్కితే గానీ దానిలో ముందుకు పోనివ్వరు. ఒక దారుంది: జూలై 14న పరీక్ష రాసి యాభై తెచ్చుకుంటే ఆ కోర్సు మళ్ళీ చదవక్కర్లేదు.

కొత్త తీర్మానం: రోజూ పొద్దున్నే 5 నుంచి 6 దాకా స్టాటిస్టిక్స్. ఒక్కరోజు కూడా మానను. ఒట్టు!

జూన్ 18, బుధవారం

5.00. లేచాను!! సగటు వచ్చేసింది. ఇంత తేలికా? అప్పట్లో నాకేమైంది?

జూన్ 19, గురువారం

5.00. మధ్యగతం. అంటే వరసలో సరిగ్గా నడిమధ్య ఉన్నది. షాపుకొచ్చిన పదకొండు మంది చూపు పవర్లు వరసలో రాసి మధ్యది తీశాను. ఓనరు అడిగాడు, "ఏంటమ్మా అది, ఆర్డరా?" "కాదు సార్, విజ్ఞానం."

జూన్ 22, ఆదివారం

5.20. రంగు పెన్నులతో టైమ్‌టేబుల్ వేశాను. 8.30కి పూర్తయింది. చూడముచ్చటగా ఉంది. చదవడానికి టైము మిగల్లేదు.

జూన్ 25, బుధవారం

5.45. వాన. వానలో అలారం సరిగ్గా వినబడదు.

జూన్ 28, శనివారం

అత్తయ్య రంగంలోకి దిగారు. ఐదింటికి దుప్పటి లాగేసి, పుస్తకం తెరిచి, తన కళ్ళజోడు పెట్టుకుని ఎదురుగా కూర్చుంటున్నారు. ఇవాళ పాఠం ప్రామాణిక విచలనం. నాకు ముక్క అర్థం కాలేదు. ఆవిడకు అర్థమైంది!

"ఇందులో ఏముందే? నేను రోజూ ఎనిమిదిన్నరకే తింటాను. వాడు ఒకరోజు ఏడింటికొస్తాడు, ఒకరోజు పదింటికొస్తాడు. సగటు ఇద్దరిదీ ఎనిమిదిన్నరే. కానీ వాడి సగటు నమ్ముకుని వడ్డించానో, అంతా చల్లారిపోతుంది. ఎంత అటూ ఇటూ అవుతున్నాడో చెప్పేదే ఇది."

మా ఆయన గదిలోంచి అరిచాడు: "పొద్దున్నే నామీద పడ్డారేంటి?"

జూలై 3, గురువారం

దగ్గు. చిన్నదే. కానీ ముదిరితే?

జూలై 7, సోమవారం

అత్తయ్య సంభావ్యత అధ్యాయం మొదలెట్టారు. నేను పక్కనే ఉన్నాను. కళ్ళు మూసుకుంటే బాగా వినబడుతుందని చెప్పాను. 6.40కి లేపారు.

జూలై 11, శుక్రవారం

చదవలేదు. ఎందుకో రాయను.

జూలై 14, సోమవారం

పరీక్ష. ప్రామాణిక విచలనం ప్రశ్న చూసి ఎగిరి గంతేశాను. ఒకటిన్నర పేజీ దంచాను. మా ఆయన భోజనం వేళలతో సహా! సంభావ్యత ప్రశ్నలు నాలుగూ తెల్లగా వదిలేశాను.

జూలై 21, సోమవారం

నలభై ఒకటి.

క్రెడిట్ల మేడమ్ మెల్లగా చెప్పింది: "ఈ పరీక్ష ఒక్కసారేనమ్మా. ఇక క్లాసులో చేరాల్సిందే." బస్సులో కిటికీ వైపు తిరిగి కాస్త ఏడ్చాను. ఇంటికొచ్చి అత్తయ్యకు కాగితం ఇచ్చాను. రెండుసార్లు చూశారు.

"తొమ్మిది తక్కువా? ఆ నాలుగూ నేనొచ్చి రాసుంటే బావుండేది."

ఆగలేక నవ్వేశాను. ఆవిడా నవ్వారు. ఇద్దరం సోఫాలో కూలబడి కడుపు పట్టుకుని నవ్వుతుంటే మా ఆయన హాల్లోకి పరుగెత్తుకొచ్చాడు, పాసయ్యాననుకుని. పాపం, అభినందించేశాడు కూడా.

ఆగస్టు 4, సోమవారం

సాయంత్రం క్లాసు, మొదటి రోజు. ముందు వరస. లెక్చరరు నాకంటే పదేళ్ళు చిన్న. బోర్డు మీద స్టాటిస్టిక్స్ అని రాసి వెనక్కి తిరిగాడు.

"ఇది ఇంతకుముందు చదివినవాళ్ళు ఎవరైనా ఉన్నారా?"

చెయ్యెత్తాను.

"ఎంతవరకు చదివారు మేడమ్?"

"తప్పేంతవరకు సార్. రెండుసార్లు."

క్లాసంతా గొల్లుమంది. అందరికంటే గట్టిగా నవ్వింది నేనే. పంతొమ్మిదేళ్ళలో మొదటిసారి ఈ మాట పదిమందిలో పైకి చెప్పాను. ఏమీ కాలేదు! పక్కసీటు అమ్మాయి నా వైపు వంగి, "ఆంటీ, నేనూ ఒకసారి తప్పాను" అని గుసగుసలాడింది.

రాత్రి 8.15. తీర్మానం: రేపటి నుంచి పొద్దున్నే 5 నుంచి 6 దాకా. సంభావ్యతతోనే మొదలు. ఒక్కరోజు కూడా మానను!