పటేలు వెళ్ళిపోయిన హౌజు

రాజ్యం,

బాగున్నావా అని మొదలుపెట్టడం అలవాటు. అడిగేశాను. నువ్వు వెళ్ళి పదకొండు నెలలైంది. ఈ ఉత్తరం రాయడానికి ఇన్నాళ్ళు పట్టింది.

ఆ రోజు సంగతి ఒక్కసారి రాసి పక్కన పెడతాను. పొద్దున నువ్వు పెరట్లో నీళ్ళ హౌజు గట్టు మీద కూర్చుని పటేలుకు వానపాములు వేస్తున్నావు. నేను బడికి తయారవుతున్నాను. "ఏమండీ, ఈ చేపను చెరువుకు పంపించెయ్యండి. ఎండలు ముదరకముందే కోదాడ నుంచి చిన్న పరిగె చేపలు తెచ్చుకుంటాను" అన్నావు. సరే అన్నాను. కాసేపటికి గుండె పట్టేసినట్టుందని లోపలికి వచ్చి పడుకున్నావు. దవాఖానకు పరుగెత్తాను. డాక్టరును తీసుకుని వచ్చేసరికి అయిపోయింది. నీ చీర కుచ్చెళ్ళు ఇంకా తడిగానే ఉన్నాయి.

అంతే. ఇక మంచి సంగతులు.

పటేలు మన ఇంటికి వచ్చిన వైనం తలచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. మిర్యాలగూడలో అక్కను చూసి వస్తూ చెరువు ఒడ్డున ఎర్రటి చేపపిల్లల గుంపు చూశాను. హైదరాబాదులో చదువుకునే రోజుల్లో ఒకరింట గాజు తొట్టిలో చూసిన బంగారు చేపలే అనుకున్నాను. ముప్పై పిల్లల్ని చెంబులో పట్టి, బస్సులో ఒళ్ళో పెట్టుకుని సూర్యాపేట తెచ్చాను. నువ్వు చెంబులోకి చూసి గట్టు మీద కూలబడి నవ్వావు. "ఇవి కొర్రమీను పిల్లలండీ. ఈ ఎరుపు నెలరోజుల ముచ్చట. ఆ తర్వాత ఒకరినొకరు మింగుతారు."

మరి ఎందుకు వదిలావు హౌజులో? "ఇంత దూరం ఒళ్ళో పెట్టుకుని తెచ్చారు, పారబొయ్యనా?" అన్నావు.

మింగారు. చివరికి ఒక్కడు మిగిలాడు. హౌజులో నువ్వు పెంచుకుంటున్న పరిగెలను కూడా వాడు ఒక్కటి లేకుండా మింగాడు. అచ్చం మన ఊరి పటేలేనని పేరు పెట్టావు. రాజ్యం మారిందని ఊరంతా సంబరపడ్డ రోజు, "నేనేం మారలేదండీ, మన పటేలూ మారలేదు" అన్నావు.

"పెళ్ళికి జాతకం చూస్తారు. నీళ్ళలో నోరు చూడాలండీ. ఒకరి నోట్లో పట్టేవాళ్ళు పక్కన కాపురం ఉండకూడదు." ఇది నీ సూత్రం. ఒంటరిగా ఉన్న అక్కను మన దగ్గరికి తెచ్చుకుందామా అన్నప్పుడు కూడా అదే చెప్పావు. "వదినె నోరూ నా నోరూ ఒకే హౌజులో పట్టవండీ." నవ్వుతూనే అన్నావు... నేను మళ్ళీ అడగలేదు.

ఇప్పుడు అక్క ఇక్కడే ఉంది.

వచ్చిన నెల తిరగకముందే హౌజులో చెంబు ముంచి నా ముఖం ముందు పెట్టింది. నిండా దోమ పురుగులు. వాటిని తినే పరిగెలు లేవు కదా... పటేలుకు అంత చిన్నవి ఆనవు. మూడో రోజు రెండు బండ్ల మొరం మట్టి వచ్చి గోడ పక్కన పడింది. హౌజు పూడ్చేస్తానంది. నెల రోజులు గడువు అడిగాను. ఆ తర్వాత చెంబులో పురుగు కనబడనంత వరకే హౌజు ఉంటుందని ఒప్పుకుంది.

హౌజు ఉండాలంటే పటేలు పోవాలి. అంతవరకూ తెలుసు. కానీ నీ చేతి తిండి తిన్న ప్రాణులు ఈ ఇంట్లో వాడూ నేనూ మిగిలాం. వాణ్ణి ఎలా పంపను?

గడువు ఆఖరి రోజున నీళ్ళు తోడాను. వాడు బురదలోకి జారాడు. వెనకే నేనూ జారాను. అక్క కొంగు బిగించి దిగి, మోచేతుల దాకా బురదలో పెట్టి వాణ్ణి పైకెత్తింది. "బి.ఎ. సదివితివి, ఒక్క చాపను పట్టరాదా తమ్మీ" అంది. పులుసు పెట్టేస్తుందనుకున్నాను. "మర్దలు పేరు పెట్టిన చాపను వండుతనా?" అని తడి గోనెసంచిలో చుట్టి నా చేతికిచ్చింది.

సద్దుల చెరువులో వదిలాను. వాడు వెనక్కి తిరిగి కూడా చూడలేదు. పటేలే కదా.

తర్వాత కోదాడ వెళ్ళి పన్నెండు పరిగెలు తెచ్చాను. తెచ్చిన కుండను అరగంట హౌజులోనే తేలనిచ్చాను. "కొత్త కోడల్ని గడప దగ్గర ఆపమా? వీళ్ళకూ కొత్త నీళ్ళు అలవాటు కానివ్వాలి" అన్నది నువ్వే. గుడ్లకు చాటు ఉండాలని అడుగున నాచు వేశాను. పాత కుండలో మట్టి నింపి కలువ గడ్డ పెట్టాను. తామర వద్దనుకున్నాను, హౌజంతా తనదే అంటుంది కదా.

పక్కింటాయన ఒక తాబేలు ఇస్తానన్నాడు. నేను ఏదో అనేలోగా అక్క అడ్డం పడింది. "వద్దయ్యా. అది కలువ మొగ్గలు కొరుకుతది. నోరు సూసి పెట్టాలె."

అది నీ సూత్రం. ఆ మాట ఎవరు చెప్పారని అడిగితే, "నీ పెండ్లామే" అంది. మిర్యాలగూడలో నువ్వు తన దగ్గరున్న పది రోజులూ ఇద్దరూ బావి దగ్గర కూర్చుని ఈ ముచ్చట్లేనట. ఆ గొంతులు విని పోట్లాడుకుంటున్నారనుకున్నాను నేను...

మిమ్మల్నిద్దరినీ ఒకే హౌజులో ఎందుకు ఉంచలేదు రాజ్యం? నువ్వైనా ఎందుకు చెప్పలేదు?

సరే.

వానల్లో పరిగెలు గుడ్లు పెట్టాయి. ఇప్పుడు లెక్కకు అందవు. కలువాకులు సగం నీళ్ళు కప్పాయి, మిగతా సగం ఎండ. అక్క ఇప్పటికీ రోజూ పొద్దున చెంబు ముంచుతుంది. మొదట్లో పురుగుల కోసం. ఇప్పుడు పిల్లల కోసం. నిన్న వడ్లగింజంత పరిగె పిల్ల చెంబులో పడితే, నన్ను పిలిచి చూపించి, మెల్లగా వంచింది. మొరం సంగతి నేనూ ఎత్తలేదు, తనూ ఎత్తలేదు.

ఇవాళ మాత్రం ఎక్కడి నుంచో గుర్రపుడెక్క తెచ్చింది. ఊదా పువ్వులు ముద్దుగా ఉన్నాయట. ఇది నెలలో హౌజును మింగుతుంది, మొక్కకూ నోరుంటుంది అన్నాను. "అట్లయితె దానికి ఏరే ఇల్లు కట్టు" అంది.

నీకు నవ్వొస్తోందా?

రేపు ఆదివారం. పొద్దున్నే పార తీసుకుని, హౌజు పూడ్చడానికి తెచ్చిన ఆ మొరంతోనే పక్కన ఒక చిన్న కుంటకు గట్టు పోస్తాను. చెంబు పట్టుకుని అక్క నిలబడుతుంది.

నీ
నరసింహం