తరుగు కలిపినా పచ్చరంగే

శుక్రవారం, తిరుపతి

పని జరిగినంత మాత్రాన సరిగ్గా జరిగినట్టేనా? ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ ఈ ప్రశ్న నన్ను వదలలేదు. ఇవాళ జవాబు కళ్లారా చూశాను. ఆ సంబరంలో నిద్ర రావడం లేదు.

నిమ్మకాయల మార్కెట్టుకు మేం చేస్తున్న వెబ్‌సైటు టెస్టుల కవరేజీ రిపోర్టు మధ్యాహ్నం వచ్చింది. టెస్టులు నడిపిన కోడు లైను పచ్చగా కనిపిస్తుంది, నడపనిది ఎర్రగా. మాది దాదాపు అంతా పచ్చే. అందరూ చప్పట్లు కొట్టారు. నాకు మాత్రం మనసొప్పలేదు. బస్తా తూకంలోంచి కుళ్లు, చెత్త కింద తరుగు తీసేసే లైన్లో మైనస్‌ను ప్లస్‌గా మార్చి మళ్లీ నడిపాను. ఒక్క టెస్టూ ఫెయిల్ కాలేదు!

పక్క సీటు భార్గవి పగలబడి నవ్వింది. వాళ్ల నాయన గూడూరులో నిమ్మకాయల వ్యాపారి.

"తరుగు కలిపి ఇస్తాండామా అక్కా? రైతులు మనకి గుడి కట్టిస్తారు. మా నాయన మాత్రం నన్ను ఇంట్లోకి రానియ్యడు!"

మా టెస్టు ఆ లైనును నడిపిందే గానీ, తూకం ఎంత వచ్చిందని అడగనే లేదు. ఇద్దరం కూర్చుని, అడిగే టెస్టు రాశాం. ప్లస్ ఇంకా అలాగే ఉంది కాబట్టి వెంటనే ఫెయిలైంది. ఫెయిలైనందుకు ఇంతగా ఎగిరి గంతేసింది ఇదే మొదలు! మైనస్ తిరిగి పెట్టగానే పాసైంది.

కానీ మిగతా పచ్చ లైన్లలో ఇలాంటివి ఎన్నున్నాయో? సోమవారం నా సంతకంతో సైటు అప్పగించాలి. "కవరేజీ బాగుండాది గదమ్మా, సంతకం పెట్టెయ్" అన్నారు మేనేజరు. పెడితే ఏ రైతు తూకమో తప్పు పడొచ్చు. ఇంకో వారం గడువు అడిగితే ఈ పనే మా చేయి జారిపోవచ్చు. సంతకం పెట్టాలో, గడువు అడగాలో నాకింకా తేలలేదు.