అట్ట మీది ఖర్జూరపు తోట

రిహాబ్,

మేకకు నీళ్ళు పెట్టాను. చారు పొయ్యి మీద ఉంది, వేడి చేసుకో. సాలెం బాబాయీ నేనూ తోటకు వెళ్తున్నాం. తొమ్మిది ఖర్జూరపు చెట్లలో ఐదింటిని ఇవాళ కొట్టేస్తున్నాం. కాలువలో మన వంతు ఇరవై రోజులకోసారి వస్తోంది. ఆ నీళ్ళు నాలుగు చెట్లకే చాలుతాయి.

నువ్వు బొమ్మలు అతికించి గోడకు పెట్టిన కోరికల అట్ట మీద గెలలు వేలాడే తోట బొమ్మ ఉంది కదా, పెద్దమ్మ ఇంటి నుంచి మీ అమ్మ వచ్చేలోగా దాన్ని తీసెయ్యి. కొట్టేవాటిలో మూడు మీ అమ్మ పుట్టింటి నుంచి పిలకలుగా తెచ్చి నాటినవి.

"రోజూ రెండు నిమిషాలు చూడు నాన్నా, చూసింది జరుగుతుందని యువజన కేంద్రం మేడం చెప్పింది" అన్నావు. నలభై రోజులు చూశాను. "బొమ్మకు నీళ్ళు పెడుతున్నావా అన్నా?" అని సాలెం ఎగతాళి చేసినా చూశాను. ఆ బొమ్మలో చెట్ల మొదళ్ళు తడిగా ఉన్నాయి. మన దగ్గర అలా చూసి ఆరేళ్ళయింది.

మధ్యాహ్నం చెట్ల తలల్లోని లేత మొవ్వులు తెస్తాను. చెట్టు కొట్టినప్పుడు ఇరుగుపొరుగుకు పంచాలి, పళ్ళేలు కడిగి ఉంచు. ఎవరైనా పలకరించడానికి వస్తే టీ ఇవ్వు.

అట్ట మీద దాని పక్కనున్న నర్సు బొమ్మ మాత్రం ఉంచుకో. గాబెస్ పట్నంలో నీ నర్సు చదువుకు తోట కాపే ఆధారం అనుకున్నాను. ఇక ఎలా పంపాలో నాకు తెలియదు. ఇవాళ అడగకు.

నాన్న

తోట బొమ్మను తడిపి నెమ్మదిగా తియ్యి. దాని అంచు నర్సు బొమ్మ మీదికి వచ్చి అతుక్కుంది. లాగితే రెండూ చిరుగుతాయి.