పదిహేడు లేని బండి

ఫిబ్రవరి 9
బ్యాటరీలకు నంబరు స్టిక్కర్లు అంటించడం అయింది. మొత్తం ఇరవై నాలుగు. నడుం విరిగింది.

పదహారు అయ్యాక పదిహేడు అంటించబోతే అన్నయ్య వచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు. ఈ ఎయిర్‌టాక్సీ నడిపేది తనేనట. మా దేశంలో పదిహేడంటే చావు అంకె; దాన్ని సీటు కింద పెట్టుకుని కాప్రీ దీవి దాకా సముద్రం మీద వెళ్ళడట. ఇరవై ఏళ్ళు హెలికాప్టర్ నడిపిన మొనగాడు! నవ్వాను గానీ, నేనేం తక్కువ తిన్నానా? అమ్మ పనిచేసిన హోటల్లో పదహారో గది పక్కది పద్దెనిమిదో గది. మేం అలాగే పెరిగాం.

పదహారు తర్వాత పద్దెనిమిది అంటించాను. చివరిది ఇరవై అయిదు అయింది. ఆ సంగతి ఎక్కడా రాయలేదు. రాసి మిలాన్ కంపెనీ వాళ్ళ చేత నవ్వించుకోవాలా?

ఏప్రిల్ 22
బండి నిట్టనిలువుగా లేచింది. రేవు మీద ముసలాళ్ళు పేకాట ఆపి మరీ చూశారు. వాళ్ళలో ఒకాయన, దీనికంటే తన అత్తగారి కాఫీ మిషనే ఎక్కువ చప్పుడు చేస్తుందన్నాడు. ఏడుపొచ్చింది నాకు. అన్నయ్య దిగి వచ్చి నా నెత్తిన ఒక్కటి మొట్టాడు.

మే 14
స్క్రీన్ మీద ఇరవయ్యో బ్యాటరీ దగ్గర ఎర్ర గీత. వేడెక్కుతోంది. ఇంజనీరు బొన్‌ఫాంతి మిలాన్ నుంచి ఫోన్ చేసి, ఇరవై మార్చెయ్యమన్నాడు. ఇరవై అని ఉన్నదాన్ని లాగేసి కొత్తది పెట్టాను.

మే 16
మళ్ళీ ఇరవయ్యే. కొత్తదానికి జ్వరమేమిటి? దిగగానే చేత్తో తడిమాను. చల్లగా ఉంది.

మే 18
బొన్‌ఫాంతి స్వయంగా దిగాడు. బ్యాటరీ కొత్తది, ముట్టుకుంటే చల్లగా ఉంది, కాబట్టి సెన్సారే అబద్ధం చెబుతోందని తేల్చాడు. ముప్ఫయ్యో తారీకున టీవీ వాళ్ళొస్తారట, ఆ అలారం మోగకూడదట. ఆ సెన్సార్ తీసేస్తున్నట్టు కాగితం మీద సంతకం మాత్రం నాదే కావాలన్నాడు.

పెట్టాను. భయపడి పెట్టలేదు. నిజమని నమ్మే పెట్టాను. అది రాసుకోవాలి.

మే 29
రాత్రి భోజనాల దగ్గర అన్నయ్య అడిగాడు, ఆ సెన్సార్ కాగితం మీద సంతకం ఎవరిదని. నాదే అన్నాను. "అయితే చాలు" అన్నాడు. ఇంకో గరిటె పాస్తా వడ్డించుకున్నాడు.

మే 30, మధ్యాహ్నం 12.40
కాలిపోయింది.

మే 30, సాయంత్రం, ఆస్పత్రి
బతికే ఉన్నాడు. సగం దూరంలో పొగ మొదలైందట. వెనక్కి తిప్పి రేవు బయటి రాళ్ళగట్టు మీద దించాడు. ప్రయాణికులిద్దరికీ ఒక్క గీత పడలేదు. వాళ్ళ బెల్టులు విప్పింది అన్నయ్యే. ఆ చేతులు చూడనివ్వడం లేదు.

జూన్ 3
షెడ్డుకి వెళ్ళాను. మంట పుట్టిన బ్యాటరీ చూపించారు. స్టిక్కర్ సగం మాడింది గానీ అంకె కనిపిస్తూనే ఉంది. ఇరవై ఒకటి.

అక్కడే చతికిలబడ్డాను. స్క్రీన్‌కి భయం లేదు. దానికి అమ్మ లేదు, హోటల్ లేదు. ఒకటి నుంచి ఇరవై నాలుగు దాకా వరసగా లెక్కపెట్టుకుంటూ పోతుంది. దాని ఇరవయ్యోది నా ఇరవై ఒకటోది. నేను మంచి బ్యాటరీని లాగేశాను. చెడ్డదాన్ని అక్కడే ఉంచాను. పక్కదాన్ని తడిమి చల్లగా ఉందని మురిసిపోయాను. సెన్సార్ నిజం చెబుతుంటే దాని నోరు నొక్కి, పైన సంతకం పెట్టి, అన్నయ్యని ఎక్కించాను. నా చెయ్యి విరిగిపోనూ!

జూన్ 6
పైలట్ ఆలస్యంగా వెనక్కి తిప్పాడని బొన్‌ఫాంతి రిపోర్టు రాశాడు. అన్నయ్య లైసెన్సు పోతుంది.

అన్నయ్యకి జరిగింది చెప్పాను. గోడ వైపు తిరిగి అన్నాడు:

"నోరు మూసుకో, ఇమ్మా. పైలట్ తప్పంటే నన్నొక్కణ్ణే తిడతారు. అంకెకి జడిశారంటే ఊరు ఊరంతా నవ్వులపాలవుతుంది."

ఊరి మీద ప్రేమేం కాదు. నన్ను జైల్లో చూడలేడు. ఆ మాట అనడం చేతకాదు ఈ మనిషికి.

జూన్ 11
విచారణలో అంతా చెప్పేశాను. బొన్‌ఫాంతి పగలబడి నవ్వాడు. రోమ్ నుంచి వచ్చిన అధికారి నవ్వలేదు. పదిహేడు ఎందుకు వదిలేశారని గంభీరంగా అడిగి రాసుకున్నాడు. ఆ అంకె రాసేటప్పుడు మాత్రం ఎడమ చెయ్యి బల్ల కిందికి పోనిచ్చి, కీడు తగలకుండా దాని ఇనప కాలుని ముట్టుకున్నాడు. నేను చూశాను. ఆయనా మావాడే.

అన్నయ్య లైసెన్సు నిలుస్తుందట. ఏ చేతులతో నడుపుతాడో ఎవరూ చెప్పలేదు.

జూన్ 12
అన్నయ్య నాతో మాట్లాడనన్నాడని వదిన ఫోన్ చేసింది.

జూన్ 15
అన్నయ్యని పెద్ద వార్డుకి మార్చారు. లోపలికి రావద్దన్నాడట. తలుపు దగ్గరే నిలబడ్డాను. ఇది ఎన్నో మంచమని నర్సుని అడిగాడట. పద్దెనిమిది అని చెబితే, హాయిగా కళ్ళు మూసుకున్నాడట.

తలుపు దగ్గర నుంచి మంచాలు లెక్కపెట్టాను. అన్నయ్యది పదిహేడోది. పదహారు పక్కనే పద్దెనిమిది.